గంగాజల్ సాక్ష్యం

ఛేర్‌ఛేరా పండగ, అదే, పిల్లలు ఇంటింటికీ తిరిగి కొత్త ధాన్యం అడిగి పుచ్చుకునే ఇక్కడి పుష్యమాసపు పండగ, వెళ్ళిన మర్నాడు బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటి గేటు చప్పుడైతే ఎవరబ్బా అనుకుంటూ వెళ్ళి చూశాను. మా బాయి కూతురు. బాయి అంటే, మేం రైల్వే క్వార్టర్లలో ఉన్న రోజుల్లో లింగియాడీహ్ నుంచి పొద్దున్నే నడిచొచ్చి మా అంట్లు తోమిపెట్టిన మనిషి. ఆవిడ పోయినా కూతురు మాత్రం పండగకీ పబ్బానికీ వచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్తూంటుంది. ఈసారి వచ్చీరాగానే పాత నూలు చీరలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి, ముసలివాళ్ళ ఇంట్లో వాటికేం కరువు, రెండు తీసి ఇచ్చాను. అక్కడే వరండాలో కూర్చుని, చీర అంచు కాలివేళ్ళ మధ్య బిగించి, ఉన్న ఒక్క ఎడమచేత్తో దాన్ని సన్నటి పీలికలుగా చింపడం మొదలుపెట్టింది. ఆ వెడల్పు పీలికలు దేనికో నాకు తెలుసు.

ఎవరికే ఇవి అని అడిగాను. తలెత్తకుండానే, "గంగాజల్‌కి అమ్మా, మిర్చా టోరే బర్ జావత్ హే" అంది. గంగాజల్ అంటే దాని ప్రాణస్నేహితురాలు, ఆ మనిషి మిరపకాయలు కొయ్యడానికి వెళ్తోందట. మళ్ళీ!

నా ఈడువాళ్ళకి చెప్తే ఇట్టే అర్థమవుతుంది కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. మా తాతగారు శ్రీకాకుళం వైపు ఊరినుంచి ఒక గోనెసంచి భుజాన వేసుకుని పట్టాల పనికి కూలీగా ఈ బిలాస్‌పూర్ వచ్చారు. మా నాన్నగారు లోకో షెడ్డులో చేశారు. నేను స్టేషన్లో ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చుని, బండి ఎప్పుడొస్తుంది అన్న ఒక్క ప్రశ్నకి జీవితమంతా జవాబు చెప్పి రిటైరయ్యాను. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నా మాకు 'మన దేశం' అంటే తెలుగుదేశమే. ఇక్కడి వంకాయకి రుచి లేదని, ఇక్కడి వానకి పద్ధతి లేదని, మన దేశంలోనైతే ఇలా ఉండదని మా అమ్మ రోజూ అంటూనే ఉండేది. మేం వింటూనే ఉండేవాళ్ళం. నేను సెలవుల్లో మహా అయితే నాలుగుసార్లు చూసిన నేల అది, అయినా దాని మీద ఒక్క మాట పడనిచ్చేదాన్ని కాదు.

అందుకే, నేను రిటైరవడానికి కొద్ది ఏళ్ళ ముందు, వరికోతలయ్యాక మా బాయి వచ్చి, కూతురు తెలుగువాళ్ళ మిరపతోటలకి కూలికి వెళ్తోందని చెబితే, నాకు భయం వెయ్యకపోగా ఏదో చుట్టాలింటికి పంపుతున్నంత సంబరం కలిగింది. అన్నం, నీళ్ళు, అన్నా, అక్కా అని నాలుగు తెలుగు ముక్కలు కూడా నేర్పాను. బాయి కళ్ళొత్తుకుంటుంటే మా అమ్మ మంచం మీంచి, "మనోళ్ళ కాడికే కదేటి ఎల్తంది, బెంగెందుకే నీకు?" అని గదమాయించింది.

ఆ పిల్లతో పాటు వెళ్ళింది ఆమె గంగాజల్. ఈ ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. ప్రాణానికి ప్రాణమైన ఇద్దరు, పెద్దల ఎదుట ఒకరి చేతిలో ఒకరు గంగాజలం పోసుకుని స్నేహం కట్టుకుంటారు. ఆ రోజునుంచి రెండిళ్ళూ చుట్టాలే, చావైనా పెళ్ళైనా ఇద్దరిదీ. ఇక ఆ ఇద్దరూ బతికినన్నాళ్ళూ ఒకరి పేరు ఒకరు పలకరు, గంగాజల్ అనే పిలుచుకుంటారు. పలికితే ఆ బంధానికి అపచారమని గట్టి నమ్మకం. మా అమ్మ మా నాన్నగారి పేరు జన్మలో పలకలేదు, రేషను దుకాణంలో అడిగితే నన్ను చెప్పమని మోచేత్తో పొడిచేది. కనుక నాకిది వింతగా తోచలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున నేను డ్యూటీలో ఉండగా, మన లింగియాడీహ్ పిల్లలా ఉంది రండి మేడమ్ అంటూ పోర్టరు పరుగెత్తుకొచ్చాడు. వెళ్ళి చూద్దును కదా, దక్షిణాది బండి దిగిన జనమంతా వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం చివర, గంగాజల్ ఒళ్ళో తలపెట్టుకుని బాయి కూతురు పడుంది. కుడిచెయ్యి మోచేతి పైనుంచి లేదు. తువ్వాలు చుట్టిన ఆ చోటునుంచి వస్తున్న వాసన నేనింకా మరిచిపోలేదు. అంబులెన్సు పిలిపించింది పోర్టరే.

ఏం జరిగిందన్నది తరవాత ఆస్పత్రిలో ముక్కలుముక్కలుగా తెలిసింది. తోట గట్టున రేకుల షెడ్డులో ఉంచారట. వెళ్ళిన రోజే, వీళ్ళని కూలికి తీసుకెళ్ళిన మేస్త్రీ అందరి ఫోన్లూ తీసేసుకున్నాడట, కోత అయ్యేదాకా ఎవరూ కంచె దాటకూడదన్నారట. మిరపకాయ ఘాటుకి చేతులు బొబ్బలెక్కుతాయని ఈ ఆడవాళ్ళు వేళ్ళకి పాత చీర పీలికలు చుట్టుకుని కోస్తారు. ఒకరోజు కోత మధ్యలో తోట ఆసామి కేకేసి, మిరపసాలులోంచి వీళ్ళిద్దరినీ అలాగే లేపి, పక్కనే నడుస్తున్న మొక్కజొన్న గింజలు వలిచే మిషను దగ్గరికి తోలాడు. పీలికలు విప్పుకుంటామంటే ఒప్పుకోలేదట, మిషను ఆగితే డీజిలు దండగ అన్నాడట. బాయి కూతురు కండెలు అందిస్తూంటే ఒక పీలిక కొస వెళ్ళి మిషన్లో చిక్కుకుంది. గుడ్డ వెనకే చెయ్యి వెళ్ళింది.

ఇదే చాలని నేననుకుంటే, దీన్ని మించింది ఇంకోటుంది. అక్కడెవరో డాక్టరు చేత చెయ్యి తీయించి, గాయం ఆరకుండానే ఇద్దరికీ టిక్కెట్లు చేతిలో పెట్టి బండెక్కించి, ఎవరడిగినా రైల్లోంచి జారిపడ్డానని చెప్పమన్నారట. మా మూడు తరాలకి తిండి పెట్టిన రైలు మీద ఆ పాపం వెయ్యాలని ఒక తెలుగు బుర్రకి తట్టిందంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే, "మనోళ్ళు అలాటోళ్ళు కారే, ఇంకెవులో అయ్యుంతారు" అంది. ఊరి పేరు చెప్పాక అటు తిరిగి పడుకుంది. ఆ తరవాత మన దేశంలోనైతే అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు.

మా పక్క క్వార్టరు వాళ్ళ పెద్దబ్బాయి వకీలు. పనిలో చెయ్యి పోయిన మనిషికి నష్టపరిహారం ఇప్పించే చట్టం ఉందని, ఆ పిల్ల ఉండేది ఇక్కడ కనుక కేసు ఇక్కడి కార్మిక న్యాయస్థానంలోనే వెయ్యవచ్చని అతనే చెప్పి, అతనే వేశాడు. మేస్త్రీ ఏ దిక్కుకి పోయాడో ఎవరికీ తెలియదు. ఆసామి మాత్రం, వీళ్ళెవరో నాకు తెలియదు, నా తోటకి ఎన్నడూ రాలేదు, ఎక్కడో చెయ్యి పోగొట్టుకుని నా మీద పడ్డారు అని జవాబు పంపాడు. ఆ పిల్ల అక్కడ పని చేసిందని చూసి చెప్పగల మనిషి గంగాజల్ ఒక్కతే. మిగతా కూలీలు భయపడి మొహం చాటేశారు.

ఆసామికి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. అటూ ఇటూ మాట చెప్పడానికి ఒక మనిషి కావలసివస్తే నన్ను పిలిచారు. ఆ పిల్లని ఎరుగుదునని నేను ముందే చెప్పాను. తెలుగావిడైతే చాలు, నాకేం అభ్యంతరం లేదన్నాడాయన. నేనేదో రాక్షసుణ్ణి చూడబోతున్నానని గుండె చిక్కబట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే ఇస్త్రీ తెల్లచొక్కా, నుదుట బొట్టు, మా చిన్నమామయ్యలా నిదానంగా నవ్వే మనిషి. నన్ను చూసి లేచి నిలబడి దణ్ణం పెట్టి, "ఈ ఊళ్ళో తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చిందమ్మా" అన్నాడు. సంచిలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. మా తోట కారమమ్మా, ఇంట్లో వాడుకోండి, మనవాళ్ళు కదా, లోపల నా మాట కాస్త నిలబెట్టండి అన్నాడు. ఆ పొట్లం నా అరచేతిలో నిప్పులా అనిపించింది. బల్ల మీద పెట్టేసి, చెప్పింది చెప్పినట్టు చెప్పడమే నా పని బాబూ అన్నాను. అదీ నిజమేలెండి అని నవ్వాడు.

లోపల గంగాజల్ సాక్ష్యం మొదలైంది. తోట, షెడ్డు, మిషను, పీలికలు, అన్నీ తడబడకుండా చెప్పింది. అప్పుడు ఆసామి తరఫు వకీలు లేచి, అంత బాగా తెలిసిన మనిషే కదా, ఆమె పేరు చెప్పు అన్నాడు. గంగాజల్ తలదించుకుంది. గంగాజల్ అంది. అది కాదు, పేరు. మళ్ళీ గంగాజల్ అంది. ఆ వకీలు ఇక్కడివాడే, ఇక్కడి నేల మీద పుట్టి పెరిగినవాడే. పలకదని తెలిసే అడిగాడని నాకు అర్థమయ్యేసరికి, ఆసామిని చూసినదానికన్నా ఎక్కువ నివ్వెరపోయాను. ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చి ఈ కేసు వింటున్న అధికారికి ఈ ఆచారం తెలియదు. మా వకీలబ్బాయి వివరించబోతే, పేరు సాక్షి నోటినుంచే రావాలి అన్నారు. బాయి కూతురు లేచి నిలబడి, చెప్పెయ్యి గంగాజల్, చెప్పెయ్యి అని ఏడుస్తోంది. ఈమె పెదవులు కదుపుతోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, పేరు మాత్రం రావడం లేదు. ఒక్క పేరు చెబితే కేసు నిలుస్తుంది, చెప్పకపోతే పోతుంది. పక్కన కూర్చున్న ఆసామికి ఏం జరుగుతోందో నేనే తెలుగులో చెబుతున్నాను.

విని అతను కులాసాగా నవ్వాడు. నవ్వి, నాతో పాటు గదంతా వినేలా, "పొలంలోనూ ఇదే గోల కదమ్మా, పొద్దస్తమానం గంగాజల్ గంగాజల్ అని అరుచుకోవడమే, వీళ్ళ పేర్లు ఎవడికి తెలుసు!" అన్నాడు.

పరాయి ఊళ్ళో తెలుగు గోడచాటు మాట అనుకున్నాడు కాబోలు. అధికారి నా వైపు చూసి, ఆయన ఏమన్నారు అని అడిగారు. నేనూ ఆసామి వైపు చూశాను. అప్పుడు తెలిసింది అతనికి, తన నోటినుంచి ఏం జారిందో. వద్దమ్మా అన్నట్టు చెయ్యి కొద్దిగా ఎత్తాడు. నేను ప్రతి ముక్కా హిందీలో చెప్పాను. ఎన్నడూ తోటకి రాని మనుషులు పొద్దస్తమానం ఏమని పిలుచుకునేవారో మీకెలా తెలుసు అని అధికారి అడగమంటే, అదీ తెలుగులో అడిగాను. ఆసామి తన వకీలు వైపు తిరిగాడు. బయటికొచ్చాక వరండాలో నా ముందు ఆగి, కోపంగా కూడా కాదు, నిజంగానే అర్థంకానట్టు, "మీరు తెలుగువాళ్ళేనామ్మా?" అని అడిగాడు. జీవితమంతా జవాబులు చెప్పి బతికినదాన్ని, ఆయన్ని దాటుకుని గంగాజల్ దగ్గరికి నడిచాను.

పరిహారం ఇవ్వమని తీర్పొచ్చింది. తిప్పితిప్పి, ఆలస్యంగానే అయినా, వచ్చింది. బాయి కూతురు ఇంటిముందు చిన్న దుకాణం పెట్టుకుంది. సాక్ష్యం చెప్పిన మనిషికి మాత్రం చట్టంలో ఏమీ లేదు. ఈ చుట్టుపక్కల మేస్త్రీలందరూ గంగాజల్‌ని పనికి పిలవడం మానేశారు. ఇన్నేళ్ళూ దుకాణంలోంచి బియ్యం, పప్పు అటు వెళ్తూనే ఉన్నాయట. గంగాజల్ ఇల్లు గడవడానికి అవి చాలలేదు. అందుకని ఈ ఏడు, తనని ఎవరూ ఎరగని ఇంకో జిల్లాకి, ఎవరో కొత్త మేస్త్రీ వెంట బయలుదేరింది.

ఇదంతా బాయి కూతురు మొన్న వరండాలో చీర చింపుతూనే చెప్పింది. ఒక్కచేత్తో చింపడం కష్టంగా ఉంటే నేను రెండో కొస పట్టుకున్నాను. మిషను దగ్గరికి పిలిస్తే ఎవరేమన్నా సరే ముందు ఇవి విప్పమని గంగాజల్ చేత ఒట్టు వేయించుకుందట. ఒకప్పుడు మా తాత ఇలాగే సంచి భుజాన వేసుకుని దిగితే ఈ ఊరు ఆయనకి క్వార్టరిచ్చింది, పాసిచ్చింది, పింఛనిచ్చింది. ఆ రోజుల్లో కూలికి వచ్చినవాడు ఊరివాడైపోయేవాడు. ఇప్పుడు అదే పట్టాల మీద ఇక్కడివాళ్ళు మన దేశం వెళ్తున్నారు, చేతికి చుట్టుకునే గుడ్డతో సహా ఇక్కడినుంచే పట్టుకుని.

వెళ్ళేముందు, కోర్టు గొడవలన్నీ ఎప్పుడో తీరాయి కదా, ఇప్పుడైనా చెప్పవే, ఆవిడ పేరేమిటి అని అడిగాను. బాయి కూతురు పీలికలన్నీ ఉండచుట్టి చంకలో పెట్టుకుని, నవ్వి, చెప్పకుండానే గేటు వేసుకుని వెళ్ళిపోయింది.