జంట కొంగలు

గల్ఫ్ దేశంలో, సులైలోని మా కార్మికుల క్యాంపులో ఏసీలు బాగుచేసే జగిత్యాల మనిషి ఒకాయన ఉండేవాడు. స్వదేశానికి వెళ్లిపోతూ ఒక జపాన్ ఇంజనీరు ఆయనకు గోడకు వేలాడదీసే పొడవాటి చిత్రం ఇచ్చాడు. పైన్ చెట్టు కింద రెండు కొంగలు. రోజూ డ్యూటీకి వెళ్లేముందు ఆయన ఒక కొంగను వేలితో తాకి పెదవులు కదిలించేవాడు.

జపాను చిత్రాల్లో కొంగ వెయ్యేళ్ల ఆయుష్షుకు గుర్తని నేను చదివాను. మూఢనమ్మకం కంటబడితే ఊరుకునే అలవాటు నాకు లేదు. ఒక శుక్రవారం గదినిండా జనం ఉండగా అడిగాను: "ఏమయ్యా, కొంగకు మొక్కితే వెయ్యేళ్లు బతుకుతావా?"

"అన్న ఇకామా పర్మిట్ గూడ వెయ్యేండ్లకు రెన్యువల్ చేస్తది గావచ్చు!" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆయన చిత్రాన్ని చుట్టి మంచం కింద పెట్టాడు.

సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. "నేను మొక్కుతలేను సార్. కొంగలు జంట విడువయని ఆ జపాన్ సారు చెప్పిండు. మా ఆమె దవాఖానల ఉన్నది. పని ఇచ్చిన కఫీల్ సెలవు ఇస్తలేడు. పొద్దుగాల ఆ కొంగను ముట్టి 'లేసినవా' అని ఆమెను అడుగుత, గంతే."

వాదించే ముందు ప్రశ్నించాలని హేతువాద సభల్లో ఎందరికో చెప్పిన నేను, ఆయన్ను ఒక్క మాట అడగలేదు. చిత్రాన్ని మళ్లీ తగిలించమని బతిమాలాను.

"వద్దు సార్" అన్నాడు. "గంతమంది నవ్వినంక ఆమెను ఆడ నిలవెట్టబుద్ధి అయితలేదు."