సబ్‌వూఫర్‌కు చోటు వెతికిన శనివారం

జమ్మలమడుగులో ఇప్పుడు ఎవరిని అడిగినా, ఆశీర్వాదం సారు మంచం కింద దొరికాడనే చెబుతారు. పచ్చి అబద్ధం. నేను దొరికింది మంచం పక్కన. తల ఒక్కటే లోపల ఉంది. ఈ తేడా ఈ ఊళ్లో ఎవరికీ పట్టదు. నా మంటంతా అదే. ముందే చెబుతున్నా, మధ్యలో ఎవరైనా నవ్వితే ఇక్కడితో ఆపేసి లేచిపోతా.

నన్ను ఎరగని వాళ్ల కోసం రెండు ముక్కలు. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా చేశా. నేను విజిల్ ఊదితే మైలవరం డ్యాం మీద కొంగలు కూడా వరసలో నిలబడేవి. చర్చిలో పాటల గుంపును నడిపింది కూడా నేనే. నలభై మంది పాడుతుంటే అందులో ఎవరికి జలుబు చేసిందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఇక ధైర్యం అంటారా, పులివెందుల బస్టాండులో ఒకసారి నాటుబాంబు పడింది. జనమంతా బెంచీల కిందికి దూరారు. నేను నిలబడి టీ తాగుతూనే ఉన్నా. పొగ తగ్గకముందే రెండో టీ చెప్పా. ఆ బాంబు పడింది బస్టాండులో కాదు, వెనక వీధిలో అని కొందరు అంటారు. వాళ్లు అప్పటికి పుట్టలేదు.

ఆ పేరు వల్లే ఎలక్షన్ల ముందు నన్ను శాంతి కమిటీకి పెద్దగా పెట్టాలనుకున్నారు. మా ఇల్లు సరిగ్గా మలుపులో ఉంది. పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. పై వీధికి ఓబన్న పెద్ద, కింది వీధికి సుబ్బయ్య. ఇద్దరూ చిన్నప్పుడు నా దగ్గర గుంజీళ్లు తీసినవాళ్లే. ఆ వారమే ఒక గడ్డివామి కాలింది. ఎవరు కాల్చారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. రెండు వీధుల్లోనూ కట్టెలు తలుపు వెనక నుంచి తలుపు ముందుకొచ్చాయి. "ఎవురికీ బెదరని మనిషి సారొక్కడే" అని ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక కమిటీ కూర్చోవాలి. మధ్య కుర్చీ నాది. ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో అద్దం ముందు రెండుసార్లు కూర్చుని చూసుకున్నా కూడా.

ఈలోపల నా చెవే నన్ను చెడగొట్టింది. మా గుంపు ఎప్పుడో పాడిన పాటల క్యాసెట్టును ఒకాయన సీడీగా చేసి ఇచ్చాడు. అంత గొప్ప పాటను డొక్కు టేప్‌రికార్డర్లో వింటామా? ప్రొద్దుటూరు పోయా. అక్కడ రసూల్ అని, స్పీకర్ల అంగడి పెట్టుకున్న మనిషి ఉన్నాడు.

"ఇంట్లో వినేదానికి హోమ్ థియేటర్ తీసుకోండి సార్. ఇంపుగా ఉంటాది."

"ఇంపు నాకెందుకప్పా? పాటలు రికార్డు చేసే గదుల్లో ఏవి పెడతారో అవి తీయి."

"అవి స్టూడియో మానిటర్లు సార్. పాటకు తీపి పూసి వినిపీయవు. ఉన్నది ఉన్నట్టు చెప్తాయి. పాడేదాంట్లో తప్పుంటే అదే ముందు వినపడతాది."

"నా పాటలో తప్పా? నువ్వు ప్యాక్ చెయ్యి."

ఐదంగుళాల జత తెచ్చి, నా టేకు కుర్చీకి ఎదురుగా, చెవి ఎత్తుకు సరిపోయేట్టు స్టూళ్ల మీద పెట్టా. మా ఇంటామె సుగుణను పిలిచి కూర్చోబెట్టా. పాట మొదలైంది. రసూల్ చెప్పింది నిజం. ఆ రోజు చర్చిలో ఎవరు దగ్గారో, ఎవరు కుర్చీ జరిపారో అన్నీ వినబడ్డాయి. రెండో చరణంలో ఒక గొంతు శృతి తప్పింది.

"చూసినావా, ఆ డేవిడ్ నాయాలు ఎట్ల చెడగొట్టినాడో" అన్నా.

సుగుణ ఇంకొంచెం ముందుకు వంగి విన్నది. "అది డేవిడ్ గొంతు కాదయ్యా. నీదే. ఇన్నేండ్లూ ఆ బిడ్డను ఊరికే తిడితివి."

నాకు ఒళ్లు మండింది. తప్పు స్పీకర్లదన్నా. కింది స్వరం చాలక నా గొంతు సన్నబడిందన్నా. తెల్లారి మళ్లీ ప్రొద్దుటూరు బస్సెక్కా.

"ఐదంగుళాలది అంతకంటే లోతుకు పోదు సార్" అన్నాడు రసూల్. "కింది స్వరాలకు, అదే బేస్‌కు, సబ్‌వూఫర్ అని వేరే పెట్టె ఉంటాది. మీ గది యెంత?"

"పది బై పన్నెండు."

"ఎనిమిదంగుళాలదే శానా ఎక్కువ."

"పన్నెండుది తీయి."

"గది తట్టుకోదు సార్."

"నేను తట్టుకుంటా."

ఇద్దరు ఆటోలోంచి దించిన ఆ పెట్టెను నేనొక్కణ్ణే ఎత్తి లోపల పెట్టా. కావాలంటే ఆటో వాణ్ణి అడగండి. మూలలో పెట్టి మోగించా. కుర్చీలో కూర్చుంటే ఆ పెట్టె ఉన్నట్టే లేదు. వంటింట్లో మాత్రం గిన్నెలు గూట్లోంచి దూకుతున్నాయి. సుగుణ గరిటె పట్టుకొని వచ్చి నిలబడింది. నేను రసూల్‌కు ఫోన్ చేసి నాలుగు తిట్లు తిట్టా. నిదానంగా విన్నాడు.

"గదిలో ఒక్కో చోట ఒక్కో మాదిరి వినపడతాది సార్. దానికి ఉపాయముంది. సబ్‌వూఫర్‌ను ఎత్తి మీరు కూర్చునే కుర్చీలో పెట్టండి. నేనిచ్చిన టెస్ట్ సీడీ వేయండి. మీరు గోడల వెంబడి నేల మీద పాకతా పోండి. యాడ శబ్దం నిండుగా, తేటగా వినపడతాదో ఆడ పెట్టెను పెట్టండి. అంతే."

"పాకాల్నా?"

"చెవి పెట్టె ఎత్తులో ఉండాల సార్. స్టూడియోల వాళ్లు కూడా పాకతారు."

ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నేను నా ఇష్టానికి పాకలేదు.

శనివారం మధ్యాహ్నం సుగుణ చర్చి ఊడవడానికి పోయింది. గాలి కోసం తలుపు బార్లా తెరిచా. పెట్టెను కుర్చీలో కూర్చోబెట్టా. టెస్ట్ సీడీలో పాట లేదు. ఢమ్మని ఒక్క దెబ్బ. కొంచెం ఆగి మళ్లీ ఢమ్. పంచె ఎగగట్టి, నాలుగు కాళ్ల మీద నిలబడి, కళ్లు మూసుకున్నా. బీరువా దగ్గర మొద్దుగా ఉంది. కిటికీ కింద పలచగా ఉంది. మంచం వైపు తిరిగేసరికి, అబ్బా, పునాదిలోంచి వస్తున్నట్టు నిండుగా వినబడింది. చెవి అటే లాగింది. ఒక్కో దెబ్బకు ఒక్కో మూర ముందుకు పాకుతున్నా.

బయట ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. గోడలు దాటేసరికి ఆ శబ్దం ఏమైందో మీకు వేరే చెప్పాలా? సారు మీద కింది వీధి వాళ్లు బాంబులేశారని పై వీధికి తోచింది. పై వీధి వాళ్లేశారని కింది వీధికి తోచింది. రెండు వీధులూ కట్టెలతో పరిగెత్తి మా గుమ్మం ముందు ఎదురుపడ్డాయి.

"రేయ్ సుబ్బయ్యా, ముసలాయన మీద బాంబులేస్తారా మీరు?"

"మేమేసింటే మేమే ఎందుకొస్తాం రా? మీ పనే ఇది."

ఓబన్న కట్టె ఎత్తాడు. సుబ్బయ్య కూడా ఎత్తాడు. అప్పుడే లోపల మళ్లీ ఢమ్మంది. రెండు తలలూ తలుపు లోపలికి తిరిగాయి. వాళ్లకు కనపడింది నా వెనక భాగం. తల అప్పుడే మంచం కిందికి పోయింది.

ఎత్తిన కట్టెలు కిందికి దిగాయి. తర్వాత ఓబన్న గొంతు మెల్లగా వినబడింది. "సార్. ఏం చేస్తాండావు సార్?"

బయటికి రాబోతే మంచం పట్టె తలకు ఠంగున తగిలింది. "సబ్‌వూఫర్‌కు చోటు చూస్తాండా" అన్నా.

"దానికా, నీకా సార్?" అన్నాడు సుబ్బయ్య.

ఓబన్న ముందు నవ్వాడు. ఆ తర్వాత సుబ్బయ్య. ఇద్దరూ కట్టెలు ఆనించుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నేను కుర్చీలోని పెట్టెను చూపించా. సీడీ చూపించా. స్టూడియోల వాళ్లు కూడా పాకుతారని చెప్పా. ఆ మాటకు గుంపులో ఒకాయన దగ్గు పట్టి మెట్ల మీద కూలబడ్డాడు.

ఎవరు ఫోన్ చేశారో ఏమో, ఎస్సై జీపులో దిగాడు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. కాగితం తీసి అరుగు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. రాసింది చదివి వినిపించాడు. బాంబులు పడలేదు, ఏ పార్టీ తప్పూ లేదు, ఆశీర్వాదం మాస్టారు తన స్పీకరు శబ్దానికి తానే భయపడి మంచం కిందికి దూరారు, ఇదీ దాని సారం.

"నేను భయపడలేదు. బేస్ కోసం పాకినా. అట్లనే రాయండి" అని అరిచా.

"మాస్టారూ, బేస్ కోసం పాకారని రాస్తే పైనున్న అధికారి నన్ను పాకిస్తాడు." నన్ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "వీళ్లకు నమ్మకం కుదిరిన కథ ఇదొక్కటే. మీరు కాదంటే, మరి సారు దేనికి బెదిరాడని మళ్లీ మొదలవుతుంది. సాయంత్రానికి ఎవరి తల పగులుతుందో నేను చెప్పలేను. మీ ఇష్టం."

"మరి రేపటి కమిటీ?"

"ఇక అవసరం లేదండి. చూడండి ఎలా కలిసిపోయారో."

చూశా. ఓబన్న సంతకం పెట్టి ఆ పెన్ను సుబ్బయ్య చేతిలో పెడుతున్నాడు. ఎన్నేళ్లయిందో ఆ రెండు వీధులూ ఒక కాగితం మీద సంతకం చేసి. నేను మధ్య కుర్చీలో కూర్చుని, గంభీరంగా మాట్లాడి, నా చేత్తో చేయాల్సిన పని అది. నా వెనక భాగం చేసింది.

సుబ్బయ్య పెన్ను నా వైపు చాపాడు. "పెట్టు సార్. ఇంత మందిమి ఉండాం, ఏం కాదు."

కాగితం మోకాలి మీద పెట్టుకున్నా. పళ్లు నూరుతున్నా. ఒంట్లో రక్తమంతా చేతిలోకి వచ్చి, నా పేరు మొదటి అక్షరం గడగడ వణికింది. కోపంతో. ఒట్టి కోపంతో.

ఆ ఇద్దరూ వంగి ఆ అక్షరం వంక చూశారు.

"పాపం, ఇంగా దడ తగ్గలేదు" అన్నాడు ఓబన్న.

"తగ్గలేదప్పా" అన్నాడు సుబ్బయ్య.