వేయబోయిన కుర్చీ

ఈ సాయంత్రం మా చూలై వీధికి ఎమ్మెల్యేగా పోటీ చేస్తున్న కల్యాణి ఓట్లు అడగడానికి వచ్చింది. చిన్న వయసు, లాయరు. డ్రైనేజీల్లోకి మనుషుల్ని దించడం ఆపించాలన్నది ఆమె పట్టుదల. ఎదురింటి పెద్దమ్మ, ఈ తమిళ ఊళ్ళో తెలుగు పిల్ల అని మురిసిపోయి, ఆమెకోసం వాకిట్లోకి కుర్చీ తెచ్చింది.

"మీ నాయన ఏం చేస్తాడు పాపా?"

"లేడు పెద్దమ్మా. ఈడనే, మీ వీధి చివర డ్రైనేజీలో దిగి చచ్చిపోయినాడు."

"సరేమ్మా, ఓటు నీకే వేస్తాంలే" అని పెద్దమ్మ, వేయబోయిన కుర్చీని మళ్ళీ లోపలికి తీసుకుపోయింది.

మా ఇంట్లోకి రమ్మని పిలిచాను. "ఇంకా శానా ఇళ్ళుండాయి అక్కా" అని నవ్వింది కల్యాణి. ఆ నవ్వు చూడలేకపోయాను.

పెద్దమ్మ ఓటు ఆమెకే వేస్తుందేమో. కూర్చోమనడానికి ఇంకెన్ని ఎన్నికలు కావాలో మీరే చెప్పండి.