అత్తగారికి వద్దన్న మిఠాయి

2004 వేసవిలో ఒక ఉదయం మా అత్తగారి బంగారు గాజులు చేతిలోంచి జారి సింకులో పడ్డాయి. సబ్బు రాసినా ఊడని గాజులవి. మావారిది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. కొట్లో కాటా మీద ఆవిడను నిలబెట్టి చూస్తే, సంక్రాంతి నాటికంటే ఆరు కిలోలు తక్కువ. ఆ సాయంత్రమే టెస్టులు చేయించాం. షుగర్.

"స్వీట్లు, బెల్లం పూర్తిగా స్టాప్," అన్నారు డాక్టరు గారు.

మా ఇంటికి స్వీటు పెట్టెలు వస్తూనే ఉంటాయి. పారేస్తే లక్ష్మి పోతుందని పట్టింపు. అత్తగారి వాటా పనిమనిషి పైడమ్మకు పెట్టడం మొదలుపెట్టాను. ఆమెదీ అత్తగారి వయసే. ఎప్పుడూ పుల్లలాగే ఉండేది. అత్తగారి పాత జాకెట్లనే పిన్నీసులు పెట్టుకుని తొడుక్కునేది. వాటిలో ఆమె ఇంకెంత చిక్కిందో ఎవరూ చూడలేదు.

"దాహమేత్తందమ్మా. కాల్లు తిమ్మిర్లెక్కుతన్నాయి," అనేది.

"ఎండల్లో అందరికీ దాహమే. తిను, కాస్త ఒళ్ళు చేస్తావు."

"ఒల్లు కూడా ఉన్నోల్ల సొత్తేనమ్మా," అని నవ్వి తినేది.

అత్తగారు ఒక్కరే అడిగారు. "దానికీ ఓసారి రక్తం చూపించకూడదేటే?"

నేను బి.ఎస్సీ. చదివినదాన్ని. "అది కూర్చుని తినేవాళ్ళ జబ్బు అత్తయ్యా. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి ఎక్కడినుంచి వస్తుంది?" అని వాదించాను. వాదనలో నేను ఓడను. ఆ రోజూ గెలిచాను.

వానాకాలంలో పైడమ్మ పాదానికి మేకు దిగింది. ఆమెకు తెలియనే లేదు. పసుపు రాసుకుంటూ పనికి వచ్చింది. పుండు వాసన కొట్టాక ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడినుంచి విశాఖ పంపారు.

"షుగర్ చాలా హై. గ్యాంగ్రీన్. మోకాలి కింద ఆంప్యుటేషన్ తప్పదు," అంది డాక్టరమ్మ. "ఒక్క టెస్టూ చేయించలేదా?"

"సన్నగా ఉంది కదండీ."

"సన్నవాళ్ళకు రాదని మీకెవరు చెప్పారు? ఏం తినేది?"

నేను సంతకానికి పైడమ్మ కూతుర్ని పిలిచాను.

కాలు తీసేశారు. ఇన్ఫెక్షన్ తిరగబెట్టి నెల రోజులు మంచం దిగలేదు. కాస్త తేరుకున్నాక నా చెయ్యి పట్టుకుని, "నువ్వెట్టిన మిఠాయిలే లేకపోతే నానెప్పుడో సచ్చిపోదునమ్మా," అంది.

అత్తగారు మాత్రలతో బాగున్నారు, పొద్దున్నే నడకకు వెళ్తారు. ఆ వేళకే నేను పైడమ్మ కూతురింటికి వెళ్ళి ఆమెకు ఇన్సులిన్ వేస్తాను. మూడేళ్ళుగా ఇదే పని. నా నోటికి వీధి వీధంతా జడుస్తుంది. ఆ మిఠాయి ఏం చేసిందో ఆమెకు చెప్పడానికి మాత్రం ఇంతవరకూ నోరు రాలేదు.

మీ ఇంట్లో ఒకరికి షుగర్ అని తెలిసిన రోజే, మీ ఇంట పనిచేసే మనిషికీ టెస్టు చేయించండి. బక్కపలచగా ఉందని ఆగకండి. ముందు రిపోర్టు చూడండి. పెట్టడం ఆ తరవాత.