వీణకు తీగలెన్ని?

ఆ ఏడు భిలాయి ఖుర్సీపార్‌లో మా వీధి వినాయక పందిట్లో హరికథ జరగలేదు. దాసుగారికి గొంతు పట్టేసింది. ఖాళీగా మిగిలిన ఆదివారం మధ్యాహ్నానికి సంఘం పెద్దలు క్విజ్ పోటీ పెట్టారు. పాటలు, ఆటలు, సినిమాల మీద ప్రశ్నలు. ఇంటికి ఇద్దరేసి జట్టు. మా ఇంటి నుంచి నాన్నా, నేనూ వెళ్లాం.

నాన్న ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసేవాడు. రేడియోలో కచేరీ వస్తున్నంతసేపు మా అమ్మ పోపు పెట్టడానికి వీల్లేదు. ఆవాల చిటపటలకి తాళం చెడిపోతుందనేవాడు. అలా విని విని సంగీతమంతా తనకు తెలుసని గట్టి నమ్మకం. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. పుట్టి పెరిగింది భిలాయిలోనే కాబట్టి హిందీ వచ్చినంత తెలుగు నాకు రాదు.

ప్రశ్నలు అడిగేది ఫోర్‌మన్‌గా రిటైరైన మా వీధి తాతగారు. కాగితం మీద రాస్తే ఎవరో ఒకరు చూసేస్తారని ప్రశ్నలూ జవాబులూ బుర్రలోనే పెట్టుకుని వచ్చారు.

చివరికి రెండు జట్లు సమానంగా నిలిచాయి. ఒకటి మాది. రెండోది మా ఎదురింటి భార్యాభర్తలది. ఆయనదీ నాన్నదీ ఒకటే షిఫ్టు. చుట్టరికమేమీ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

తాతగారు మైకు దగ్గరకు లాక్కున్నారు. "ఇదే ఆఖరిది. వీణకి తీగలెన్ని?"

నాకు తీగంటే మా పెరట్లో ఆనపతీగే తెలుసు. వీణకి తీగలేమిటా అనుకుంటూ నాన్న వైపు చూశాను.

"నాలుగు!" అన్నాడు నాన్న.

"ఏడు," అన్నాడు ఎదురింటాయన.

"ఏడేటి బావా? మా ఇంట్లో కేలండర్ మీద సరస్వతమ్మ ఒళ్లో వీణుంది. రోజూ దణ్ణం ఎట్టుకుంటన్నాను. నాలుగే!"

"ఆ కేలండర్ సిమెంటు కొట్టోడిచ్చింది బావా. ఆడికేటి తెల్సు వీణ సంగతి?"

అందరూ తాతగారి వైపు తిరిగారు. ఆయన కళ్లు మూసుకున్నారు. నుదురు రుద్దుకున్నారు. "పొద్దున్న దాకా ఉంది జవాబు. ఇప్పుడు తగల్తం లేదు," అన్నారు చివరికి.

"మరేటి చేస్తాం?" అన్నారెవరో.

"ఏటుంది? వీణ తెప్పించండి. చూసి లెక్కెట్టీద్దాం," అన్నారు తాతగారు.

సంఘం కార్యదర్శి స్కూటరేసుకుని సెక్టర్ 6కి బయల్దేరాడు. అక్కడ ఒక ఇంజనీరుగారి భార్య పిల్లలకి వీణ నేర్పేవారు. వీణ వచ్చేదాకా ఎవరూ కుర్చీల్లోంచి లేవకూడదనీ, లేస్తే జవాబు కనుక్కోడానికి వెళ్లినట్టే లెక్కనీ తాతగారు ఆంక్ష పెట్టారు. మేం కదలకుండా కూర్చున్నాం. పందిరి పక్కన పాన్ కొట్టు భయ్యా ఇదంతా వింటూ ఆకులు చుడుతున్నాడు. "ఛే హోతే హైఁ, ఛే," అన్నాడు. ఆరుంటాయని. ఆయన చూసింది పెళ్లి బ్యాండులో గిటారు. ఎవరూ పట్టించుకోలేదు.

చాలాసేపటికి స్కూటరు వచ్చింది. వెనకే ఒక రిక్షా. రిక్షాలో బొంత చుట్టిన వీణ, దాన్ని ఒడిసి పట్టుకుని ఆ వీణ టీచరు. సీటంతా వీణే ఆక్రమించడంతో ఇంజనీరుగారు పక్కన నడుస్తూ దాని కొస పట్టుకుని వస్తున్నారు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"ముక్కూమొహం తెలియని వాళ్ల చేతికి నా వీణ ఇవ్వను. అందుకే నేనే వచ్చాను," అన్నారావిడ దిగుతూ.

బొంత విప్పారు. తాతగారు కళ్లజోడు తుడుచుకుని మైకులోనే లెక్కపెట్టారు. ఒక్కొక్క అంకెనీ పందిరంతా కలిసి పలికింది. ఆరు దగ్గర ఆగిపోయింది.

"అయ్యో! దారిలో గుంటలో పడ్డప్పుడు టంగుమంది. ఒకటి తెగినట్టుంది," అన్నారు టీచరు. "వాయించేవి నాలుగండీ, పక్కన తాళానికి మూడు. మొత్తం ఏడు."

"ఏడన్నారు!" అని లేచాడు ఎదురింటాయన.

"వాయించేవి నాలుగన్నారు!" అని నాన్నా లేచాడు.

తాతగారు చెయ్యెత్తారు. "ఉండాల్సినవెన్నని నానడగలేదు. ఎన్నని అడిగాను. ఉన్నయి ఆరు."

"మైఁనే బోలా థా!" అంటూ పాన్ కొట్టులోంచి భయ్యా సున్నం చేత్తోనే వేదిక మీదకి దూకాడు. నేను ముందే చెప్పానంటాడు. జట్టు లేనివాడికి బహుమతి ఎలా ఇస్తారని గొడవైంది. భయ్యా తన కొట్టు దగ్గర పాన్ కోసం నిలబడ్డ పెద్దమనిషిని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. ఆయనది రుఆబాంధా బస్తీ. ఏదో పెళ్లిచూపులకి వెళ్తూ ఆగాడు. ఏం జరుగుతోందో తెలియకపోయినా మెళ్లో దండ వేయించుకున్నాడు. బహుమతి ప్రెషర్ కుక్కరు. సగం తనకి రావాలని పట్టుబట్టి, మూత తీసుకుని పెళ్లిచూపులకి వెళ్లిపోయాడు.

ఇంత దూరం వచ్చి ఊరికే ఎలా వెళ్తానని టీచరు అక్కడే చాప మీద కూర్చుని, మిగిలిన తీగలతోనే వాయించారు. నాన్న అన్నాళ్లూ వీణని రేడియోలో విన్నాడే తప్ప ఎదుట ఎప్పుడూ చూడలేదు. తగువు మరిచిపోయి వెళ్లి ముందు వరసలో కింద కూర్చున్నాడు. మిల్లులో ఎర్రగా కాలిన పట్టా బయటికొచ్చేటప్పుడు కూడా కళ్లార్పని మనిషి, ఆవిడ వేలు తీగని పక్కకి లాగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు.

వాయించడం అయ్యాక దగ్గరికెళ్లి అడిగాడు. "అమ్మా, ఈ వయసులో నాకొస్తాదేటి?"

"చేతులు చూపించండి," అన్నారావిడ. వేళ్ల కొసలు నొక్కి చూశారు. "పిల్లలకి వేళ్లు కాయలు కాసేసరికి నెలలు పడుతుంది. మీవి ఇదివరకే కాసేశాయి. వచ్చే ఆదివారం రండి."

వెళ్లాడు. ప్రతి ఆదివారం సైకిలు మీద వెళ్లేవాడు. ఇంట్లో పోపు పెట్టుకోడానికి మా అమ్మకి ఒక పూట దొరికింది. ఎదురింటి బావ కొన్నాళ్లకి ఏమైనా వచ్చిందా బావా అని గేటు దగ్గర నిలబడి అడగడం మొదలుపెట్టాడు.

ఒకసారి నాన్నని పిలుచుకురావడానికి నేను సెక్టర్ 6 వెళ్లాను. వరండాలో గౌన్లేసుకున్న పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కనున్న పాప వీణ మీద చెయ్యేసి ఆపేసింది.

"అంకుల్, గాంధారం ఫిర్‌సే గలత్ హో గయా," అంది.

"అవునమ్మా, తప్పిపోనాది," అని నాన్న మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.