కిర్రుమనని సారె

మొన్న సూర్యాపేటలో మా ఇంటి గేటు బిజాగిరీలకు నూనె వేస్తానన్న మనిషిని వద్దన్నాను. "గింతగనం కిర్రుమంటుంటే పరేషాన్ అనిపిస్తలేదా సార్?" అన్నాడు. లేదన్నాను. ఎందుకో చెప్పాలంటే పెన్‌పహాడ్‌లోని మా మేనమామ దగ్గరికి పోవాలి.

మామ కుమ్మరి. మా వాళ్లంతా సారెను కర్రతో తిప్పినవాళ్లే. ఆయనొక్కడే వయసులో ఎక్కడో శిక్షణకు వెళ్లి, కాలితో తిప్పే సారె తెచ్చుకున్నాడు. బల్లమీద కూర్చుని కింది బరువైన చక్రాన్ని పాదంతో తంతే పైన మట్టిముద్ద తిరుగుతుంది. "మా దొర కూసొనే కుండలు జేస్తడు" అని అత్తమ్మ ఎగతాళి చేసేది. ఆ సారె ఇరుసు ఒక చెక్కదిమ్మలో తిరుగుతూ పొద్దంతా కిర్రుకిర్రుమనేది. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, మామ ఇంట్లో ఉన్నాడో లేడో తెలిసిపోయేది.

తర్వాత ప్లాస్టిక్ బిందెలొచ్చాయి. ఆయన చూపు మసకబారి, చివరకు పూర్తిగా పోయింది. సారె పశువుల కొట్టంలో గడ్డిమోపుల కిందికి చేరింది. మనుమరాలి పెళ్లి కుదిరినప్పుడు మాత్రం మామ పట్టుబట్టాడు. పెళ్లింట పూజకు పెట్టే రంగుల కుండలను, అంటే ఐరేని కుండలను, ఊళ్లో అందరికీ ఆయనే చేసిచ్చాడు. "నా ఇంటి పిల్లకు పరాయోని కుండలు పెడ్తరా? కండ్లు పోతే పోయినయ్, చేతులున్నయ్ గద అల్లుడా. సారె జర బాగుచేయించు, సాలు."

అడగకుండా ఏదీ రాయొద్దని పత్రికలో కొత్తగా చేరినవాళ్లకు ఏళ్లతరబడి చెప్పినవాణ్ణి నేను. సారె విషయంలో మామను ఒక్క మాటా అడగలేదు. ట్రాలీలో వేసుకుని మిర్యాలగూడ తీసుకుపోయాను. రైసు మిల్లుల యంత్రాలు బాగుచేసే మేస్త్రీ పుచ్చిన దిమ్మ తీసేసి బేరింగులు బిగించాడు. "ఇగ సూడుండ్రి, వేలితోని తోసినా తిరుగుతది. సప్పుడే ఉండది." నాకు గర్వంగా అనిపించింది.

మామ స్నానం చేసి, సారెకు పసుపు కుంకుమ పెట్టించి కూర్చున్నాడు. తన్నాడు. ఆగి, మళ్లీ తన్నాడు.

"తిరుగుతున్నదా?"

"తిరుగుతుంది మామా."

చేతుల మధ్య మట్టి లేచింది, వంకరపోయింది, కూలింది. మూడుసార్లూ అంతే.

"సప్పుడేది అల్లుడా?" అన్నాడు మెల్లగా. "ఎంత జోరు మీదున్నదో ఆ కిర్రుతోనే గద నాకు తెలిసేది."

మిర్యాలగూడకు పరుగెత్తాను. పాత దిమ్మ అప్పటికే మిల్లు పొయ్యిలోకి పోయింది. కోదాడలో ఒక వడ్రంగి తుమ్మచెక్కతో కొత్తది చేశాడు. "ఇది మీ మనవళ్ల దాకా ఉంటదండీ" అన్నాడు. అదీ కిర్రుమంది. మామ చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"ఇది వేరేటోళ్ల గొంతు. దీని మాట తెలువాలంటే ఏండ్లు గావాలె."

పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది. కుండలు తుంగతుర్తి నుంచి కొనుక్కొచ్చాం. పూజలో పెట్టేముందు మామ ఒక్కొక్కదాన్నీ తడిమి, అంచు చుట్టూ వేలు తిప్పి, "మంచిగనే చేసిండు" అన్నాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మామ పోయాక సారె మా వరండాలోకి వచ్చింది. దాన్ని ఎవరూ తిప్పరు. గేటు కిర్రుమన్నప్పుడల్లా ఎవరో వచ్చారని తెలుస్తుంది. ఏళ్లు మాత్రం బేరింగుల మీద తిరిగినట్టు, ఒక్క చప్పుడైనా లేకుండా వెళ్లిపోయాయి.