అంగడి రోజు మూడు గంటల బస్సు

1988లో నన్ను నారాయణఖేడ్ బస్ డిపోకు మేనేజరుగా వేశారు. అక్కడ కలెక్షన్‌లో మొదటి స్థానం, వారానికోసారి సంత జరిగే అంగడి రోజు మధ్యాహ్నం మూడింటికి సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్లే బస్సుది. పై అధికారులు మెచ్చుకుంటుంటే నేనూ పొంగిపోయాను. అది అంతగా ఎందుకు నిండుతోందో కండక్టర్ మహబూబ్ చెప్పాడు: "అందరు దిగేది పేకాట క్లబ్బు కాడనే సార్. పోయేటప్పుడు పాటలు పాడుతరు. మర్నాడు వచ్చేటప్పుడు ఒక్కడు నోరు దెరవడు."

కందులు అమ్మిన రైతుకు రెండు దాటాక డబ్బు చేతికొచ్చేది. మూడింటికల్లా అది బస్సెక్కేది. అంగట్లో బట్టల దుకాణాలు, గాజుల బండ్లు ఈగలు తోలుకునేవి. మిర్చి బజ్జీలు వేసి అమ్మే నర్సమ్మ ఒకరోజు నేరుగా నా గదిలోకే వచ్చి నిలదీసింది. "పంట గీడ అమ్ముతుండ్రు, పైసలు గాడ తగలేస్తుండ్రు. ఇగ నేను పొయ్యి ఎత్తేసుకొని పోవుడే. నీ బస్సు బంద్ జేస్తవా, లేదా?"

రూటు రద్దు చేసే అధికారం డిపో మేనేజరుకు లేదు. బయలుదేరే వేళ మార్చమని మాత్రం ప్రతిపాదించవచ్చు. ఒంటిగంటకు మార్చాలంటూ 'ప్రయాణికుల సౌకర్యార్థం' అని రాసి పై అధికారులకు పంపాను. ఏ ప్రయాణికులో వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మంజూరైంది. ఒంటిగంటకు ఎవరి చేతిలోనూ డబ్బు ఉండదు కదా! మూడింటికి మరో బస్సు సర్ది, సరిహద్దుకు ఇవతలే ఉన్న కంగ్టి వైపు పల్లెలకు వేశాను.

క్లబ్బు వాళ్లు ఊరుకుంటారా? మూడింటికి అంగట్లోంచి క్లబ్బు దాకా జీపు పెట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ కొన్ని వారాలకే జీపు ఖాళీగా తిరగసాగింది. మహబూబ్ పగలబడి నవ్వాడు. "బస్సెక్కితే సుట్టాలింటికి పోతున్న అని జెప్పొచ్చు సార్. జీపెక్కితే ఏడికి పోతుండో అంగడంత సూస్తది!" పెళ్లాం చీరలు బేరమాడుతున్న బజారులో, ఆమె ఎదురుగా ఆ జీపెక్కే ధైర్యం చాలామందికి లేకపోయింది.

మరుసటి కందుల కాలానికి క్లబ్బుకు తాళం పడింది. కంగ్టి వైపు వెళ్లే మూడు గంటల బస్సులో ఇప్పుడు మనుషులతోపాటు బట్టల మూటలు, స్టీలు బిందెలు ఎక్కేవి. కలెక్షనూ పడిపోలేదు. నర్సమ్మ రెండో పొయ్యి పెట్టింది. డిపోకు వేడి మిర్చీలు తెచ్చి, డబ్బులు మాత్రం గట్టిగా వసూలు చేసుకుంది. ఆ సాయంత్రం నేను మీసం మెలేసిన మాట నిజమే.

ఆ తర్వాత ఏ డిపోలో చేరినా, ఏ బస్సుకు ఎంత వచ్చిందో చూసే ముందు, అందులో ఎక్కినవాళ్లు ఎక్కడ దిగుతున్నారని అడిగేవాణ్ణి.